పనీ – ఒళ్లూ: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో మా పుగెట్ సౌండ్ చాప్టర్ గురించి నాలుగు ముక్కలు రాశాను. అమెరికాలోని హ్యూమన్ ఫ్యాక్టర్స్ అండ్ ఎర్గోనమిక్స్ సొసైటీకి సియాటిల్ చుట్టుపక్కల ఉన్న శాఖ అది. దాని గురించి అడుగుతూ ఉత్తరాలు బాగా వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక చాలావరకు వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేం బెల్వ్యూలో ఉంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఆఫీసులో ఎర్గోనమిక్స్ అంటే ఎప్పుడో ఒకసారి వచ్చి కుర్చీ ఎత్తు సరిచేసి వెళ్లే ఆయన. దానికి ఒక సంఘం, మీటింగులు ఎందుకు మేడమ్? అక్కడ అసలేం చేస్తారు?

జవాబు: కుర్చీ మా పనిలో ఒక మూల మాత్రమేనండీ. పనిని మనిషికి తగ్గట్టు మార్చాలి గానీ మనిషిని పనికి తగ్గట్టు వంచకూడదు. మేం చేసేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. కాక్‌పిట్‌లో ఏ మీట ఎక్కడుండాలి, మందు సీసా మీద పేరు ఎంత పెద్దగా ఉండాలి, మీరు రాసే ప్రోగ్రాములో ‘సేవ్’ పక్కనే ‘డిలీట్’ ఉండొచ్చా, ఇవన్నీ మా లెక్కలోకే వస్తాయి. ఆ రకంగా చూస్తే మీరూ మావాళ్లే.

సొసైటీ 1957లో పుట్టింది. మొదట హ్యూమన్ ఫ్యాక్టర్స్ సొసైటీ అనేవారు, 1992లో పేరులో ఎర్గోనమిక్స్ కూడా చేరింది. ఏడాదికొకసారి దేశం మొత్తానికి పెద్ద సభ జరుగుతుంది. అంతదూరం డబ్బు పెట్టుకుని, సెలవు పెట్టుకుని వెళ్లగలిగేవాళ్లు కొందరే. మిగతావాళ్లకు ఈ విద్య సజీవంగా ఉండేది ఊళ్లలోని చాప్టర్ల వల్లే.

పనిరోజు సాయంత్రం, యూనివర్సిటీలో ఒక గదిలోనో, ఎవరో ఒకరి కంపెనీ మీటింగ్ హాల్లోనో కలుస్తాం. విమానాల తయారీలో ఉన్నవాళ్లు, మీలాంటి సాఫ్ట్‌వేర్‌వాళ్లు, ఆస్పత్రుల్లో రోగులను ఎత్తే యంత్రాలు చూసుకునేవాళ్లు, రాష్ట్ర కార్మిక శాఖవాళ్లు, చదువుకునే పిల్లలు వస్తారు. ఒకరు తాము చేసిన పని గురించి చెబుతారు. నాకు మాత్రం ఆ తర్వాత నడిచే ప్రశ్నలే ముఖ్యం. మంచం మీది రోగిని పైకప్పుకు బిగించిన లిఫ్టుతో ఎలా ఎత్తుతారో ఒకామె చెబుతుంటుంది (మా వాషింగ్టన్ రాష్ట్రంలో ఆస్పత్రులు ఇలాంటి పరికరాలు పెట్టాలని 2006లోనే చట్టం చేశారు). అంతలో విమానం రెక్క లోపల చేతులు పైకెత్తి డ్రిల్లు పట్టేవాళ్ల సంగతి చూసే ఇంజనీరు లేస్తాడు. “మీ నర్సులు ఆ లిఫ్టును నిజంగా వాడుతున్నారా, లేక టైము పడుతుందని మూలన పెట్టేశారా?” అని అడుగుతాడు. ఆయన ఫ్లోర్‌లోనూ అదే బాధ మరి. పరికరం కొనడం సులువు. దాన్ని తీసి వాడేంత తీరిక పనిలో ఉంచడమే కష్టం. వేరువేరు పరిశ్రమలవాళ్లు ఒకే గదిలో కూర్చుంటే తప్ప ఈ మాట బయటికి రాదు.

అప్పుడప్పుడు ఫ్యాక్టరీ చూడటానికి కూడా వెళ్తాం. మామూలు సందర్శకులు యంత్రాన్ని చూస్తారు, మేం మనిషి మణికట్టునూ మెడనూ చూస్తాం. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌లో తయారై 1993లో అచ్చయిన రులా అనే పద్ధతి ఒకటుంది. చేయి, మణికట్టు, మెడ, నడుము ఎంత వంగాయో చూసి మార్కులు వేయాలి. ఒకే పనికి మాలో ఇద్దరు ఒకే మార్కు వేయకపోతే ఎందుకు వేయలేదో తేలేదాకా వాదించుకుంటాం. పక్కవాళ్లు చూసింది నేనెందుకు చూడలేదన్న ప్రశ్న పుస్తకం చదివితే పుట్టదు.

చందా కొద్దిగా ఉంటుంది. కార్యవర్గాన్ని ఎన్నుకుంటాం, అందులో ఎవరికీ జీతం ఉండదు. విద్యార్థుల రెజ్యూమెలు దిద్దిపెట్టడం, వాళ్ల పోస్టర్లు చూసి సలహా చెప్పడం కూడా మా పనే. రెడ్మండ్, బెల్వ్యూల్లో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం, మీటింగుకు వచ్చేది తక్కువ. ఒక్కసారి వచ్చి వెనక వరసలో కూర్చోండి చాలు.

ప్రశ్న: అక్కా, నేను కెంట్‌లో ఒక గిడ్డంగిలో పనిచేస్తాను. నేల మీది ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) నుంచి పెట్టెలు తీసి, పక్కకు తిరిగి బెల్టు మీద పెట్టాలి. సాయంత్రానికి నడుం పట్టేస్తోంది. “మోకాళ్లు వంచి ఎత్తాలి, నీకు పద్ధతి తెలియడం లేదు” అని వీడియో చూపించారు. అలా చేసినా తగ్గలేదు. లోపం నాలోనే ఉందా?

జవాబు: లేదు చెల్లెమ్మా. లోపం ఎక్కడుందో లెక్క వేసి చూపిస్తాను. కాగితం మీద రాసుకుని మీవాళ్లకు కూడా చూపించండి.

అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ బరువులెత్తడానికి ఒక సూత్రం ఇచ్చింది. 1981లో మొదటిసారి, 1991లో సవరించి. అది 23 కిలోలతో మొదలవుతుంది. అంటే అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు అంతవరకు ఎత్తొచ్చు అని. అనుకూలం అంటే బరువు ఒంటికి దగ్గరగా, చేతులు నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తున, నడుం తిప్పకుండా, పట్టు బాగా దొరుకుతూ, ఎప్పుడో ఒకసారి ఎత్తడం. వీటిలో ఏది తప్పినా 23 తగ్గుతూ పోతుంది.

మీరు రాసినదాన్ని బట్టి వేద్దాం. పెట్టె వెడల్పుగా ఉంది కాబట్టి చేతులు చీలమండల నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయనుకోండి. అక్కడే 23 సగమై 11.5 అయింది. ప్యాలెట్ మీది అడుగు వరస 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 9.4. దాన్ని 60 సెంటీమీటర్లు పైకి తేవాలి, 8.4. 45 డిగ్రీలు పక్కకు తిరగాలి, 7.2. నిమిషానికి 4 పెట్టెల చొప్పున 8 గంటల షిఫ్టు అయితే సగం కూడా మిగలదు, 3 కిలోల పైన కొద్దిగా. మీ పెట్టె 10 కిలోలే అయినా, ఆ చోట ఆ వేగంతో అది మూడింతల బరువు.

ఇక మోకాళ్ల సంగతి. మోకాళ్ల మధ్య పట్టే చిన్న పెట్టెకు ఆ సలహా పనికొస్తుంది. వెడల్పాటి పెట్టె మోకాళ్ల మధ్యకు రాదు, వాటి ముందే ఆగుతుంది. కూర్చున్నకొద్దీ అది ఒంటికి ఇంకా దూరమవుతుంది. పైగా 8 గంటలు గుంజీలు తీసినట్టు ఎవరు పనిచేయగలరు? అందుకే వీడియో చూపించి చేతులు దులుపుకోవడం నాకు కోపం తెప్పిస్తుంది. ప్యాలెట్ కింద రెండు ఖాళీ ప్యాలెట్లు వేయమనండి, ఎత్తు వెంటనే మారుతుంది. బరువు తగ్గినకొద్దీ పైకి లేచే స్ప్రింగు బల్ల వేస్తే ఇంకా మంచిది. బెల్టుకూ ప్యాలెట్‌కూ మధ్య ఒకటి రెండు అడుగులు ఖాళీ ఉంచితే నడుం తిప్పడానికి బదులు అడుగు వేసి తిరుగుతారు.

డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయకండి. వాషింగ్టన్ రాష్ట్రంలో పనిలో దెబ్బ తగిలితే ఏడాదిలోపు పరిహారానికి క్లెయిము వేయాలి. పని వల్ల నెమ్మదిగా వచ్చిన జబ్బయితే, అది పని వల్లే అని డాక్టరు రాతపూర్వకంగా చెప్పిన నాటి నుంచి 2 ఏళ్లు. డాక్టరును ఎంచుకునే హక్కు మీదే. 2024 జూలై 1 నుంచి పెద్ద గిడ్డంగులకు ఇంకో చట్టం కూడా వర్తిస్తోంది. గంటకు ఇన్ని పెట్టెలు అన్న కోటా ఉంటే దాన్ని మీకు రాసి ఇవ్వాలి. బాత్రూముకు వెళ్లే సమయం కూడా తినేసేంత కోటా పెట్టకూడదు. అడిగి తీసుకోండి.

ఎర్గోనమిక్స్‌కు ఒక చట్టం ఉంటే ఈ బాధ ఉండదుగా అంటారేమో. ఉండేది. మా రాష్ట్రం 2000లో నిబంధన తెచ్చింది, 2003 నవంబరులో ఓటర్ల చేత దాన్ని రద్దు చేయించారు. కేంద్రంలోనూ 2000 నవంబరులో వచ్చిన నిబంధనను 2001 మార్చికల్లా అమెరికా చట్టసభ కాంగ్రెస్ కొట్టేసింది. ఇన్నాళ్లకు 2023లో మా రాష్ట్ర శాసనసభ మళ్లీ తలుపు తెరిచింది. నడుం నొప్పుల వంటి క్లెయిములు రాష్ట్ర సగటుకు రెండింతలు దాటిన పరిశ్రమలకు మాత్రమే, 12 నెలలకు ఒక్క పరిశ్రమకే నిబంధన చేయొచ్చు, అదీ 2026 జూలై 1కి ముందు అమల్లోకి రాకూడదు. చాలా నెమ్మదైన నడక ఇది. మా చాప్టర్‌లో దీని మీద గట్టి వాదనలున్నాయి. చట్టం వస్తే కంపెనీలు కాగితాలు నింపి ఊరుకుంటాయని కొందరంటారు. నేను ఒప్పుకోను. రెండు ఖాళీ ప్యాలెట్లు వేయించడానికి మీలాంటివాళ్లు సూపర్‌వైజరు మంచితనం మీద ఆధారపడకూడదు.

ప్రశ్న: నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. ఉండేది విజయవాడ. ఏ ప్రమాదమైనా పేపర్లో “మానవ తప్పిదం” అని రాసి ముగించేస్తారు. మీ సంఘంలో పైలట్ల గురించి, డ్రైవర్ల గురించి ఏమంటారమ్మా?

జవాబు: అయ్యా, విచారణ ఆ మాట దగ్గరే మొదలవ్వాలి అంటాం. మా ఊళ్లోనే పుట్టిన కథ ఒకటి చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధంలో బోయింగ్ సియాటిల్‌లో బీ-17 బాంబర్లు తయారుచేసేది. అవి క్షేమంగా నేలకు దిగేవి. దిగాక రన్‌వే మీద పైలట్ ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) మడవబోయి చక్రాలు మడిచేసేవాడు, విమానం పొట్ట మీద కూలబడేది. పైలట్ పొరపాటు అని రాసుకుంటూ పోయారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్ చూశాడు. చక్రాల స్విచ్చీ, ఫ్లాప్‌ల స్విచ్చీ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి. అలసిపోయిన మనిషి చీకట్లో తడుముకుంటే ఏది దొరుకుతుంది? ఒకదాని చివర చిన్న చక్రం, రెండోదాని చివర రెక్క ముక్కలాంటి ఆకారం బిగించమన్నాడు. తడిమితే ఏదో తెలిసిపోతుంది. ఇవాళ్టికీ ప్రయాణికుల విమానంలో చక్రాల మీటకు చక్రం ఆకారమే ఉండాలని అమెరికా నిబంధన.

ఇంత తెలిసిన ఊళ్లోనే, మాకు దగ్గర్లోని రెంటన్‌లో తయారైన 737 మ్యాక్స్‌లు రెండు 2018 అక్టోబరు 29న, 2019 మార్చి 10న కూలి 346 మంది పోయారు. ఒక్క సెన్సరు తప్పు చెబితే విమానం ముక్కును కిందికి తోసే ఏర్పాటు అందులో ఉంది. అలా జరిగితే పైలట్లు వెంటనే గుర్తుపట్టి సరిచేస్తారని ముందే లెక్క వేసుకున్నారు. ఒకేసారి అన్ని హెచ్చరికలు మోగుతుంటే మనిషి ఎలా ఉంటాడో ఆ లెక్కలో సరిగా చూడలేదని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2019 సెప్టెంబరులో చెప్పింది. మా మీటింగుల్లో ఈ విషయం వచ్చినప్పుడు గొంతులు లేస్తాయి. లేవాలి కూడా.

బస్సు ప్రమాదమైనా అంతే. ఆ డ్రైవరు ముందు రోజు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు, డ్యూటీ చార్టు ఎవరు వేశారు, ఎదుటి లైట్లు అద్దం మీద ఎలా పడ్డాయి, సీటు ఎన్నాళ్లుగా విరిగి ఉంది, బ్రేకు తొక్కడానికి ఎంత బలం పెట్టాలి – ఇవన్నీ అడిగాకే మనిషి దగ్గరకు రావాలి. మీరు స్టీరింగు ముందు అన్నేళ్లు కూర్చున్నవారు. ఈ ప్రశ్నలకు జవాబులు మీ దగ్గరున్నట్టు ఏ ఇంజనీరు దగ్గరా ఉండవు. రాసి పంపండి, ఈ శీర్షికలో వేస్తాను.

ప్రశ్న: మాది చౌటుప్పల్ దగ్గర. మా అమ్మ ఆసు పోసీ పోసీ భుజం లేపలేని స్థితికి వచ్చింది. మీ శాస్త్రమంతా అమెరికా ఫ్యాక్టరీలకేనా అక్కా? మగ్గం మీద బతికేవాళ్లకు ఏమైనా ఉందా?

జవాబు: తమ్ముడూ, మాదీ ఆ ప్రాంతమే, ఆ పనే. ఆసు చేసిన ఇంట్లో పుట్టినదాన్ని గనుక మీ అమ్మ భుజం సంగతి వేరే వివరించనక్కర్లేదు. తెలియని పాఠకుల కోసం చెబుతాను. పోచంపల్లి రకం చీరకు రంగులద్దే ముందు, నూలును ఒక కొసన ఉన్న మేకుకూ, అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్న మేకులకూ మధ్య ముందుకీ వెనక్కీ చుట్టాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అలా తిరగాలి. నాలుగైదు గంటల పని. పోగు తప్పితే డిజైనే తప్పుతుంది, కాబట్టి కళ్లూ అక్కడే అతుక్కుని ఉండాలి. ఇది ఇంటి ఆడవాళ్ల పని. మా ఇళ్లలో దీనికి విడిగా కూలి లెక్కించడం నేను చూడలేదు.

మన ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, ఆ చేయి చేసే పనిని చేసే యంత్రం మీద ఏళ్ల తరబడి కూర్చున్నారు. పెద్ద చదువు లేదు, డబ్బు లేదు. 1999లో అది పనిచేసింది. తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది, చేయి తిప్పే పనే లేదు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఒకసారి మా చాప్టర్‌లో నా వంతు వచ్చినప్పుడు దీని గురించే చెప్పాను. చేత్తో ఆసు పోసే వీడియో ముందు వేసి, యంత్రం వీడియో తర్వాత వేశాను. రోజంతా మణికట్టు కోణాలు కొలిచేవాళ్లు వాళ్లు. 9,000 అనగానే ఒకామె మళ్లీ చెప్పమంది. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. కరెంటు పోతే ఎలా, పోగు తెగితే యంత్రం ఆగుతుందా, కొనడానికి డబ్బు ఎవరిస్తారు, ఆ మిగిలిన గంటలు ఆసు పోసే ఆమెకు విశ్రాంతిగా మిగిలాయా లేక ఇంకో చీర మీద పడ్డాయా? చివరి ప్రశ్న అన్నిటికంటే గట్టిది. నొప్పి తగ్గించే పరికరం వచ్చాక పని పెంచేస్తే భుజానికి బదులు కళ్లు పోతాయి. మల్లేశం గారు ఎర్గోనమిక్స్ డిగ్రీ చదవలేదు గానీ, పనిచేసే మనిషి పక్కన కూర్చుని ఏది నొప్పిస్తోందో చూసి దాన్నే తీసేయడమే ఎర్గోనమిక్స్. నేను నేర్చుకున్న సూత్రాలన్నీ ఆ తర్వాతే.

మీ అమ్మగారికి ముందు డాక్టరు, ఫిజియోథెరపీ. భుజం లేవడం లేదంటే ఇంటి వైద్యంతో ఆపకండి. ఆసు యంత్రం పక్క ఇళ్లలో ఎవరికైనా ఉందేమో చూసి, మీ నూలు వాళ్ల దగ్గర పోయించుకోగలరేమో మాట్లాడండి. చేత్తో తప్పదంటే కూర్చునే ఎత్తు మార్చండి. చేయి భుజం కంటే పైకి లేవకూడదు, కొస మేకు అందుకోవడానికి ఒళ్లు ముందుకు సాగకూడదు. వరసగా అరగంట మించకుండా లేచి తిరగమనండి.

ప్రశ్న: వరంగల్‌లో మెకానికల్ బీటెక్ చదువుతున్నాను. ఈ రంగంలోకి రావాలంటే ఏం చేయాలి? మన దగ్గర ఇలాంటి చాప్టర్లు ఉన్నాయా?

జవాబు: దేశం మొత్తానికి ఇండియన్ సొసైటీ ఆఫ్ ఎర్గోనమిక్స్ ఉంది. దాని సభలను ‘హ్యూమనైజింగ్ వర్క్ అండ్ వర్క్ ఎన్విరాన్‌మెంట్’, పొట్టిగా హెచ్‌డబ్ల్యుడబ్ల్యుఈ అంటారు. 2015లో ఐఐటీ బొంబాయిలో, 2016లో జలంధర్ ఎన్‌ఐటీలో, 2017లో అలీగఢ్‌లో జరిగాయి. పై చదువుకు ఐఐటీ గువాహటి, ఐఐటీ బొంబాయి డిజైన్ విభాగాలు చూడు బాబూ. వ్యవసాయ పనిముట్ల వైపు ఆసక్తి ఉంటే భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ. హైదరాబాద్ సైఫాబాద్‌లోని ఒకప్పటి హోమ్ సైన్స్ కాలేజీలో (ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ కాలేజీ) ఆడవాళ్ల పొలం పని, ఇంటి పని మీద ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. ఇంజనీరింగ్ పిల్లలు అటు తొంగి కూడా చూడరు, చూడాలి.

ఊరి స్థాయి బృందం కావాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ మెకానికల్‌వాళ్లు కొందరు, ఒక ఫిజియోథెరపీ విద్యార్థి, ఒక హోమ్ సైన్స్ విద్యార్థిని, పనిచేసే చోటు నుంచి ఒకరు ఉంటే చాలు. ఆ చివరి మనిషి లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. నెలకొక చోటు చూడండి. మిర్యాలగూడ రైసు మిల్లులో 50 కిలోల బస్తా ఎత్తే హమాలీని చూసి నియోష్ లెక్క వేయండి. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 34వ సెక్షన్ అధిక బరువుల గురించే ఉండేది, అది చదివి వెళ్లండి. చూసొచ్చాక మీరు రాసింది ముందు ఆ హమాలీకే వినిపించండి. ఆయన కాదన్నది కొట్టేయండి.

ప్రశ్న: సమామిష్‌లో ఉంటాను. ఎత్తు 5 అడుగులు. ఇక్కడి వంటగట్టు మీద చపాతీలు ఒత్తితే భుజాలు లాగేస్తున్నాయి. గట్టు మార్చలేం, అద్దె ఇల్లు. ఏం చేయను?

జవాబు: అమెరికాలో వంటగట్టు మామూలుగా 36 అంగుళాలు ఉంటుంది. మీ మోచేయి నిల్చున్నప్పుడు దాదాపు 38 అంగుళాల దగ్గర ఉంటుంది. కూరగాయలు తరగడానికి ఆ తేడా కాస్త తక్కువే, అయినా నడుస్తుంది. చపాతీకి మాత్రం పైనుంచి బలం వేయాలి, కాబట్టి పీట మోచేతికి కనీసం 6 అంగుళాలు కిందుండాలి. మీ డైనింగ్ టేబుల్ 30 అంగుళాలు ఉంటుంది. పీట దాని మీద పెట్టి, నిలబడే ఒత్తండి. పీట కదలకుండా కింద తడిగుడ్డ వేయండి.